ఇంటర్న్‌షిప్‌లో ముందుగా వెనక బెంచీ చూసుకో

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది సోంపేట దగ్గర పల్లె. విజయనగరంలో బీఈడీ చేస్తున్నాను, మెథడాలజీ జీవశాస్త్రం. మూడో సెమిస్టరు మొదలైంది. గజపతినగరం వైపు ఒక జెడ్పీ హైస్కూల్లో ఇంటర్న్‌షిప్ వేశారు. మొదటి ఏడాది ఎలాగో గడిచింది గానీ ఈసారి వారానికే కాళ్లూచేతులూ ఆడటం లేదు. తొమ్మిదో తరగతి పిల్లలు నన్ను టీచర్‌లా చూడటం లేదు. ఎవరు సెలవు పెట్టినా ఆ పీరియడ్‌కి నన్నే పంపిస్తున్నారు. రాత్రి రూమ్‌కి వచ్చాక లెసన్ ప్లాన్‌లు, రికార్డులు. నాన్న రోజూ ఫోన్ చేసి డీఎస్సీకి చదువుతున్నావా అని అడుగుతారు. నాతోపాటు అదే స్కూలుకి వచ్చిన మిగతా నలుగురూ విశాఖ, విజయనగరం టౌన్ల వాళ్లు. నా యాస విని నవ్వుతారు. పాఠం మధ్యలో యాస వచ్చేస్తుందేమోనని గొంతు తడారిపోతోంది. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిష్, పక్క పేజీ తెలుగు. క్లాసులో ఏది మాట్లాడాలో తెలియడం లేదు. టౌన్‌లో స్కూలుకి మార్చమని కాలేజీలో అడగాలా? అసలు నేను ఈ వృత్తికి పనికొస్తానా?
– ఒక బీఈడీ విద్యార్థిని

సమాధానం: అమ్మా, ఈ వృత్తికి పనికొస్తానా అన్న ప్రశ్నను కొన్నాళ్లు పక్కన పెట్టు. వారం రోజులకు తేలే సంగతి కాదు అది. మిగతావన్నీ తేల్చుకోదగ్గవే, కొన్నయితే ఈ వారంలోనే.

నీ ఉత్తరం నిండా నాకు కనబడింది తొందర. స్కూలు గేటు దాటేసరికి టీచర్ అయిపోవాలి, పిల్లలు కూడా అలాగే చూడాలి. వాళ్లు చూడరమ్మా. వాళ్ల లెక్కలు వాళ్లకున్నాయి. ట్రైనింగ్ టీచర్లు వస్తారు, చార్టులు తెస్తారు, కొన్ని నెలలుంటారు, వెళ్లే రోజు పెన్నులో చాక్లెట్లో పంచిపెట్టి ఫొటోలు దిగి వెళ్లిపోతారు. ఆరో తరగతి నుంచీ చూస్తున్న తంతే. తొమ్మిదో తరగతి నిన్ను పట్టించుకోకపోవడంలో నీ లోపం కంటే వాళ్ల అనుభవం ఎక్కువ ఉంది. అయినా నువ్వు ఇంకా టీచర్‌వి కావు కదా. సగం టీచర్‌వి, సగం విద్యార్థినివి. ఆ సగం సగం నీకు నామోషీగా ఉంది. నా మటుకు నాకు ఈ సెమిస్టరులో నీ చేతిలో ఉన్న అసలు సొత్తు అదే.

ఎలాగో చెబుతాను. బీఈడీని 2015లో రెండేళ్ల కోర్సు చేసినప్పుడు, టీచర్ల శిక్షణకు నిబంధనలు పెట్టే జాతీయ మండలి ఎన్‌సీటీఈ, ట్రైనీలు స్కూల్లో గడపాల్సిన కాలాన్ని 20 వారాలు చేసింది. మొదటి ఏడాది 4, రెండో ఏడాది 16. లెక్కకు సరిపడా పాఠాలు చెప్పేసి సంతకాలు పెట్టించుకుని పోవడానికైతే ఇన్ని వారాలు అక్కర్లేదు. స్కూలును లోపలి నుంచి చూడటానికి ఇచ్చారు. రేపు ఉద్యోగం వచ్చాక ఇంకో టీచర్ పాఠం చెబుతుంటే పిల్లల పక్కన బెంచీ మీద కూర్చుంటానంటే ఎవరూ కూర్చోనివ్వరు. నీకే టైమ్ దొరకదు. ఇప్పుడు మాత్రం అది నీ పనిలో భాగం. రికార్డులో దానికి ‘పరిశీలన’ అని పేరు కూడా ఉంది. చాలామంది ట్రైనీలు ఆ పరిశీలన పేజీలను స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని సీనియర్ల రికార్డు చూసి నింపేస్తారు. అంతకంటే దండగ పని ఇంకోటి లేదు.

రేపటి నుంచి రోజుకు ఒక పీరియడు వెనక బెంచీలో కూర్చో. నీ గైడ్ టీచర్‌ని అడిగితే కాదనరు. ఆవిడ జీవశాస్త్రం పీరియడ్‌తో సరిపెట్టుకోకు. అదే తొమ్మిదో తరగతికి లెక్కల మాస్టారు వచ్చినప్పుడు, హిందీ టీచర్ వచ్చినప్పుడు కూడా కూర్చో. నీ దగ్గర గోల చేసే ఆ పిల్లలే ఎవరో ఒకరి దగ్గర నిమ్మళంగా ఉంటారు. ఎందుకుంటున్నారో చూడు. లోపలికొచ్చిన మొదటి రెండు నిమిషాలు చాలా చెబుతాయి. ఆయన నేరుగా బోర్డు దగ్గరికి వెళ్లాడా, పిల్లల మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్లాడా? ‘సైలెన్స్’ అన్నాడా, ఏమీ అనకుండా నిలబడ్డాడా? నిన్నటి లెక్క ఎవరిని అడిగాడు, చెయ్యెత్తిన పిల్లనా, తలొంచుకున్న పిల్లనా?

వెనక కూర్చుంటే ఇంకో సంగతి తెలుస్తుంది. బోర్డులో కింది మూడో వంతు కనబడదు. ముందున్న తలలు అడ్డం. టీచర్ పాపం వంగి చక్కగా బొమ్మ వేసి భాగాలు గుర్తిస్తారు, ఆఖరి వరుస పిల్ల ముందు బెంచీ వాళ్ల నోట్‌బుక్‌లోకి తొంగి చూసి రాసుకుంటుంది. ఆ నోట్‌బుక్‌లో తప్పుంటే ఈ నోట్‌బుక్‌లోనూ అదే తప్పు. తర్వాత టీచర్ ‘అర్థమైందా?’ అంటారు. ‘అయింది టీచర్’ అన్న కోరస్ మొదటి రెండు బెంచీల దగ్గర పుడుతుంది, వెనకవాళ్లు పెదాలు కలుపుతారు. ముందు నిలబడినవాళ్లకు క్లాసంతా చెప్పినట్టే వినిపిస్తుంది. ఇది చూశాక నువ్వు బోర్డు పైభాగంలో రాస్తావు, ‘అర్థమైందా’ అని అడగడం మానేస్తావు. మెథడాలజీ నోట్సులో ఈ రెండూ ఎక్కడో ఉండే ఉంటాయి. పరీక్ష కోసం చదివినప్పుడు అవి బుర్రకెక్కవు.

పేర్లు నేర్చుకో. ఒక తెల్లకాగితం మీద బెంచీలు గడులుగా గీసి, హాజరు పట్టీ చూసి ఎవరెక్కడ కూర్చుంటారో రాసుకో. విజయనగరం జిల్లా కాబట్టి ఒక్కో క్లాసులో ముగ్గురు పైడిరాజులు, ఇద్దరు అప్పలనాయుళ్లు తప్పరు. ఇంటిపేర్లు కూడా రాసుకో. ‘ఏయ్, ఆ మూలన ఎవరది’ అనడానికీ, ఇంటిపేరుతో సహా పిలవడానికీ ఎంత తేడా ఉందో నీకే తెలుస్తుంది. అల్లరి పూర్తిగా పోదు, అది వేరే సంగతి. కానీ పేరు తెలిసిన టీచర్ దగ్గర చేసే అల్లరి వేరే రకంగా ఉంటుంది.

స్టాఫ్‌రూమ్‌లో ఎవరో ఒకరు ‘చేతిలో కర్ర పట్టుకోమ్మా, లేకపోతే నీ మాట వినరు’ అని సలహా ఇస్తారు. నవ్వి ఊరుకో, పట్టుకోకు. విద్యాహక్కు చట్టం 2009లో 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. ‘మీ బుర్రలు ఇంతే’ లాంటి మాటలు కూడా అందులోకే వస్తాయి. గొంతు పెంచి అరవడం కూడా నీకు కలిసిరాదు. నువ్వెంత గట్టిగా అరవగలవో చూద్దామనే వాళ్లు కాచుక్కూర్చుంటారు. మాట ఆపి, ఒకచోట కదలకుండా నిలబడి చూడు. పది సెకన్లు పది నిమిషాల్లా ఉంటాయి, అయినా నిలబడు.

ఖాళీ పీరియడ్ల విషయం. ఇంటర్న్‌షిప్ అంటే స్కూలు పనిలో చెయ్యి వేయడం కూడా కాబట్టి, అప్పుడప్పుడు వెళ్లమంటే వెళ్లు. వెళ్లేటప్పుడు వట్టి చేతులతో వెళ్లకు. ముందస్తు ప్లాన్ లేకుండా నలభై నిమిషాలు నడిపే పని ఒకటి ఎప్పుడూ దగ్గర ఉంచుకో. జీవశాస్త్రం అయితే కష్టం లేదు. పిల్లల్ని స్కూలు ఆవరణలోకి పంపి తలొక ఆకు తెమ్మను, ఈనెలు చూసి రెండు గుట్టలు చేయమను, మందారం ఎటు, గరిక ఎటు, ఎందుకు అని వాదించుకోనివ్వు. ఎనిమిదో తరగతైనా ఆరో తరగతైనా నడుస్తుంది. అయితే రోజుకు మూడు నాలుగు పీరియడ్లు ఇలాగే పోతూ, నీ సొంత పాఠాలకూ పరిశీలనకూ టైమ్ లేకపోతే మాత్రం మొహమాటపడకు. ఖాళీ పోస్టు భర్తీ చేయడానికి నిన్ను పంపలేదు. హెచ్‌ఎం గారితో గొడవ పెట్టుకోనక్కర్లేదు, నీ కాలేజీ సూపర్‌వైజర్ వచ్చిన రోజు టైమ్‌టేబుల్ తెరిచి చూపించు. ఆ మాట వాళ్లు వాళ్లు మాట్లాడుకుంటారు.

ఇక యాస. ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే నీ ఉత్తరంలో నాకు కోపం తెప్పించింది ఇదొక్కటే. కోపం నీ మీద కాదు.

నీ బ్యాచ్ వాళ్లు నవ్వుతున్న ఆ మాటే కదా నువ్వు చెప్పే పిల్లల ఇళ్లలోనూ ఉంది. గజపతినగరం పల్లెల పిల్లవాడు ‘సెరపకండి టీచర్, ఇంకా రాసుకోనేదు’ అంటే నీకు ఒక్క క్షణం కూడా ఆలోచించక్కర్లేదు. అంతెందుకు, ఉభాల రోజులే చూడు. వరి ఊడుస్తున్నారని రెండు రోజులు బడికి రాని పిల్లవాడు నీ ఎనిమిదో తరగతిలో ఒకడు ఉండనే ఉంటాడు. పంటల పాఠం చెప్పేటప్పుడు వాడిని లేపి అడుగు, ఆకు (వరి నారు) ఎన్నాళ్లది ఊడ్చారు, కుదురుకు ఎన్ని మొక్కలు పెట్టారు, ముదురు ఆకైతే ఏమవుతుంది అని. ‘ముదురు ఆకు ఏస్తే పిలక రాదు టీచర్’ అంటాడు. అది పుస్తకంలో లేకపోయినా ముమ్మాటికీ శాస్త్రమే. వాడి మాటను వాడి మాటగానే ఒప్పుకుని, బోర్డు మీద పుస్తకం భాషలో రాయి. వాడు రెండూ నేర్చుకుంటాడు. తప్పు మాట్లాడావని సరిదిద్దితే ఇంకోసారి నోరు తెరవడు, నువ్విప్పుడు భయపడుతున్నట్టే.

గిడుగు రామమూర్తి గారిది కూడా మీ వైపే. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు, పర్లాకిమిడిలో బడిపంతులుగా చేశారు. సవర గిరిజనుల పిల్లలకు చదువు చెప్పాలనుకున్నప్పుడు ఆయన చేసిన మొదటి పని తను సవర భాష నేర్చుకోవడం. తర్వాత ఆ భాషలోనే పుస్తకాలు రాసి బడులు పెట్టారు. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నాం. ఆ తేదీ నీ ఇంటర్న్‌షిప్‌లో పడితే సభ పనంతా మీ ట్రైనీల నెత్తినే పడుతుంది, చూసుకో. మాట్లాడటానికి ఎవరూ లేరంటే నువ్వు ముందుకెళ్లు, నీ మామూలు మాటలోనే మాట్లాడు.

ఇంగ్లిష్ గురించి అంత బెంగ వద్దు. పుస్తకం రెండు భాషల్లో ఇచ్చింది పిల్లల కోసమే కాదు, నీ కోసం కూడా. ముందు రోజు రాత్రి ఎదురెదురు పేజీలు రెండూ చదువు. అసలు పదాలు, పత్రహరితం, కణకవచం లాంటివి, రెండు భాషల్లోనూ బోర్డు మీద పక్కపక్కన రాయి. వివరణ తెలుగులో చెప్పు. పాఠం చివర ఒకటి రెండు వాక్యాలు ఇంగ్లిష్‌లో వాళ్లచేత చదివించు. పరీక్ష ఇంగ్లిష్‌లో రాయాల్సిన పిల్లలు కాబట్టి అది తప్పించకూడదు. నలభై నిమిషాలూ నువ్వు ఇంగ్లిష్‌లో మాట్లాడి వాళ్లు మొహాలు చూసుకోవడం మాత్రం ఎవరికీ పనికిరాదు.

నవ్వే నలుగురితో స్నేహం ఎలా అంటావు. వాళ్లతో కూర్చుని కబుర్లు చెప్పి కలిసిపోవాలని ప్రయత్నించకు. పని అడుగు. తోటివాళ్ల పాఠాలు పరిశీలించి రాయడం వాళ్ల రికార్డుకీ కావాలి, నీ రికార్డుకీ కావాలి. వాళ్లలో కాస్త నెమ్మదిగా కనిపించే అమ్మాయిని చూసుకుని ‘నీ క్లాసులో నేను వెనక కూర్చుంటాను, నా క్లాసులో నువ్వు కూర్చో, ఉన్నదున్నట్టు చెప్పుకుందాం’ అను. మొదటి ఏడాది సూక్ష్మబోధన చేసే ఉంటారు కదా. ఆరు నిమిషాల పాఠం, ఆరు నిమిషాలు లోటుపాట్లు, పన్నెండు నిమిషాలు సరిచేసుకోవడం, మళ్లీ ఆరు, మళ్లీ ఆరు. మొత్తం 36 నిమిషాల చక్రం. కాలేజీలో మార్కుల కోసం చేసింది ఇప్పుడు మీ ఇద్దరి కోసం చేసుకోండి, లంచ్ తర్వాత ఖాళీ గది దొరికినప్పుడు. వెనక బెంచీలో కూర్చుని నీ పాఠం నిజంగా విన్న మనిషి నీ యాస విని నవ్వడం కష్టం. ఆ తర్వాత కూడా మిగతా ముగ్గురూ నవ్వితే నవ్వనీ, అందరితోనూ పూసుకు తిరగాలని రూలేం లేదు.

రికార్డులు ఎవరికీ ఇష్టముండవు, నాకూ ఉండవు. కానీ లెసన్ ప్లాన్‌లో ఒక్క గడి మాత్రం నిజాయితీగా నింపు. ఉపాధ్యాయుని కృత్యం పక్కన విద్యార్థి కృత్యం అని ఉంటుంది చూడు. అందరూ అందులో ‘విద్యార్థులు శ్రద్ధగా వింటారు’ అని పై నుంచి కింది దాకా రాసుకుంటూ పోతారు. నలభై నిమిషాలు శ్రద్ధగా వినడం నీ వల్ల అవుతుందా? ఆ గడిలో పిల్లలు చేతులతో చేసే పని ఏదైనా రాయలేకపోయావంటే ఆ పాఠం క్లాసులో నడవదని రాత్రే తెలిసిపోతుంది, పొద్దున్న అభాసుపాలు కానక్కర్లేదు. మిగతా గడులకు అంత ఆలోచన అవసరం లేదు. ఇంకొకటి, సాయంత్రం బస్సు ఎక్కగానే చిన్న నోట్‌బుక్‌లో ఆ రోజు ఏ ప్రశ్నకు క్లాసంతా నోరు మెదపలేదో పెన్సిల్‌తో రెండు లైన్లు రాసేయ్. సెమిస్టరు చివర ప్రతిచింతన, అంటే చేసిన పని మీద నీ ఆలోచనలు, రాయమన్నప్పుడు అందరూ బిక్కమొహం వేస్తారు, నీ దగ్గర సరుకు సిద్ధంగా ఉంటుంది.

హాజరు లెక్క కూడా ఇప్పుడే చూసుకో. ఎన్‌సీటీఈ నిబంధనల్లో మామూలు క్లాసులకు 80 శాతం చాలు గానీ ఇంటర్న్‌షిప్‌కి 90 శాతం ఉండాలి. పదహారు వారాలకు వారానికి ఆరు రోజులు వేసుకున్నా, నువ్వు మానగలిగేవి పది రోజులు కూడా లేవు. శనివారం మానేసి సోంపేట రైలెక్కి, సోమవారం మధ్యాహ్నానికి దిగడం లాంటివి రెండు మూడుసార్లు చేస్తే అక్కడికి సగం కరిగిపోతాయి. దసరా సెలవుల్లో ఎలాగూ ఇంటికి వెళ్తావు. వెళ్తే ఆ తర్వాతి మంగళవారం, పైడితల్లమ్మ సిరిమాను జాతర రోజున, తిరిగి రావడం పెట్టుకోకు, ఆ రోజు విజయనగరంలో అడుగు పెట్టే చోటుండదు. చూడాలనుంటే అది వేరే సంగతి, తప్పకుండా చూడు.

మీ నాన్నగారి ఫోన్ల గురించి. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు చూశాక ఏ ఇంట్లో తండ్రయినా అలాగే అడుగుతారు. ఆయన్ని విసుక్కోకు, లెక్క చెప్పు. బీఈడీతో నువ్వు రాసేది స్కూల్ అసిస్టెంటుకి, అంటే హైస్కూల్ టీచర్ పోస్టుకి. ఎస్జీటీకి, అంటే ప్రాథమిక తరగతుల టీచర్ పోస్టుకి, బీఈడీ చెల్లదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత స్పష్టమైపోయింది, కాబట్టి ఎవరో చెప్పారని ఆ పుస్తకాలు కొనకండి. ముందు దాటాల్సింది టెట్, అంటే ఉపాధ్యాయ అర్హత పరీక్ష. 150 మార్కుల్లో 30 శిశు వికాసం, బోధన పద్ధతులకు, 60 నీ సబ్జెక్టు గ్రూపుకు, మిగతా 60 తెలుగు, ఇంగ్లిష్‌లకు సగం సగం. ఆ టెట్ మార్కులకు డీఎస్సీలో 20 శాతం వెయిటేజీ ఉంటుంది, ఒకసారి గట్టెక్కితే జీవితాంతం చెల్లుతుంది. కనుక ఈ సెమిస్టరులో రోజుకో గంట టెట్‌కి, అదీ పొద్దున్నే, చాలు. రేపు చెప్పబోయే పాఠాన్ని క్షుణ్ణంగా చదివితే సబ్జెక్టు ప్రిపరేషన్ కూడా అందులోనే అయిపోతుంది. కోచింగ్ సెంటర్ ఈవెనింగ్ బ్యాచ్‌లో ఇప్పుడు చేరకు. స్కూలు, రికార్డులు, కోచింగ్ మూడూ ఒకేసారి లాగబోతే మూడిట్లోనూ నిద్రపోతావు. ఇది నాన్నగారికి ఒకసారి కూర్చోబెట్టి చెప్పు. ఫోన్లో చెబితే వినరు, ఇంటికెళ్లినప్పుడు చెప్పు.

ఫోన్ అంటే గుర్తొచ్చింది. పిల్లలతో దిగిన ఫొటోలు, వాళ్ల తప్పుల తడక జవాబు పత్రాలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకు. రికార్డుకు ఫొటోలు కావాలంటే హెచ్‌ఎం గారిని అడిగి తీసి, రికార్డులో అతికించి ఊరుకో. ఈ మాట ఎవరూ చెప్పరు గానీ ఊళ్లో తల్లిదండ్రులకు తెలిస్తే చాలా పెద్ద రభస అవుతుంది.

స్కూలు మార్చమని అడగాలా అన్నావు. నేనైతే అడగొద్దంటాను. టౌన్ స్కూలుకి వెళ్లినా తొమ్మిదో తరగతి తొమ్మిదో తరగతే, పైగా ఈ వారం రోజుల్లో తెలుసుకున్న పేర్లన్నీ వదిలేసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఒక్క కారణానికి మాత్రం అడుగు. సాయంత్రం ఆ రూట్‌లో బస్సు నమ్మకంగా దొరక్క చీకటి పడ్డాక రోడ్డు మీద ఒంటరిగా నిలబడాల్సి వస్తుంటే మొహమాటం లేకుండా, ఈ వారంలోనే, ప్రిన్సిపాల్ గారికి కాగితం మీద రాసి ఇవ్వు. నెల దాటాక అడిగితే ఆ స్కూల్లో చేసిన రోజులు లెక్కలోకి వస్తాయా రావా అని ఇంకో తలనొప్పి మొదలవుతుంది. ఈలోపు మీ హెచ్‌ఎం గారితో మాట్లాడి, ఆఖరి పీరియడు నీకు క్లాసు లేని రోజుల్లో ముందు బస్సుకు వెళ్లనిస్తారేమో కనుక్కో.